తీరానికి కొట్టుకొస్తున్న తాబేళ్లు దేనివల్ల చనిపోతున్నాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఏటా జనవరి నుంచి మార్చి వరకు కాకినాడ, ఉప్పాడ మధ్య తీరానికి చనిపోయిన పెద్ద తాబేళ్లు కొట్టుకొస్తున్నాయి. ప్లాస్టిక్ తిని చనిపోతున్నాయని కొందరు, ఫ్యాక్టరీల రసాయనాల వల్లనని కొందరు చెబుతున్నారు. అసలు కారణం ఏమిటి, వారాంతాల్లో మీరూ మీ కాలేజీ స్నేహితులూ చేస్తున్న బీచ్ శుభ్రత వల్ల వాటికి ఏమైనా మేలు జరుగుతుందా, లేకపోతే ఇంకేం చేయాలి?

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. వాటిలో అత్యధిక భాగం వలల్లో చిక్కి, పైకి వచ్చి గాలి పీల్చుకునే వీలు లేక చనిపోయినవి. అందులోనూ పెద్ద వాటా తీరానికి దగ్గరగా రొయ్యల కోసం మరబోట్లు వెనక సంచిలా లాగే ట్రాలు వలలది. మీరు చేస్తున్న శుభ్రత మంచి పనే, మానకండి. అయితే అది ఈ చావులను ఆపదు. నేను ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల్లో తాబేలు గుడ్ల సంరక్షణ పనిలో చాలా కాలంగా ఉన్నాను. పశువైద్యులతో కలిసి కళేబరాలను పరీక్షించే పని కూడా నా బాధ్యతల్లో ఒకటి. ఆ అనుభవంతోనే కింది విషయాలు రాస్తున్నాను.

మన తీరానికి వచ్చేవి దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు. ఇవి శీతాకాలంలో జత కట్టడానికీ, గుడ్లు పెట్టడానికీ బంగాళాఖాతం పశ్చిమ అంచుకు, అంటే మన దేశపు తూర్పు తీరానికి చేరతాయి. ఒడిశాలోని గహీర్‌మఠ, ఋషికుల్య దగ్గర లక్షల సంఖ్యలో ఒక్కసారిగా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. మన తీరంలో మాత్రం శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఎక్కడికక్కడ విడివిడిగా వస్తాయి. ఈ మూడు నాలుగు నెలలూ అవి లోతు సముద్రంలో కాక తీరానికి కొద్ది కిలోమీటర్ల లోపే తిరుగుతుంటాయి. రొయ్యలు బాగా దొరికే బురద నేల కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. తాబేళ్లు గుమిగూడే చోటూ బోట్లు వల లాగే చోటూ ఒక్కటి కావడమే ఈ సమస్యకు మూలం.

తాబేలు నీటిలో బతికినా గాలి పీల్చేది ఊపిరితిత్తులతోనే. నింపాదిగా ఉన్నప్పుడు ఒక్కసారి పీల్చిన గాలితో చాలాసేపు నీటి అడుగున ఉండగలదు గానీ, వల సంచిలోకి నెట్టబడి పెనుగులాడుతున్నప్పుడు ఒంట్లోని ప్రాణవాయువు చాలా త్వరగా ఖర్చయిపోతుంది. మన ట్రాలర్లు ఒకసారి వల దించాక సాధారణంగా రెండు మూడు గంటలు లాగుతాయి. వల పడిన తొలి అరగంటలో చిక్కుకున్న తాబేలు వల పైకి తీసేసరికి బతికి ఉండే అవకాశం చాలా తక్కువ. కొన్ని చచ్చినట్టు కనిపిస్తాయి గానీ నిజానికి స్పృహ తప్పి ఉంటాయి. వాటిని వెంటనే నీళ్లలోకి విసిరేస్తే మునిగి చనిపోతాయి. అదే తాబేలును పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనుక భాగం ఒక అరడుగు ఎత్తుగా ఉండేట్టు ఏదైనా పెట్టి, నీడలో తడిగుడ్డ కప్పి ఉంచితే కొన్ని గంటల్లోనే తేరుకోవచ్చు. ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు పట్టవచ్చు. ఈ సంగతి తెలిసిన సరంగులు (బోటు నడిపేవాళ్లు) మన జట్టీల్లో ఉన్నారు, కొందరు శ్రద్ధగా చేస్తారు కూడా. కానీ వల విప్పగానే చేపలు ఏరడం, ఐసు వేయడం, మళ్లీ వల దించడం అనే హడావుడిలో ముప్ఫై నలభై కిలోల తాబేలును బోటులో ఒక మూల ఒక పూటంతా ఉంచుకోవడం ప్రతి కలాసీకీ సాధ్యమయ్యే పని కాదని కూడా ఒప్పుకోవాలి.

మరి ప్లాస్టిక్ కాదని ఎలా చెప్పగలం? కళేబరం తాజాగా ఉన్నప్పుడు కోసి చూస్తే విషయం చాలావరకు తెలుస్తుంది. శ్వాసనాళంలో నురుగు, నీరు చేరి ఉబ్బిన ఊపిరితిత్తులు, బయట గాయాలేవీ లేకపోవడం, పొట్టలో అప్పుడే తిన్న పీతలూ నత్తలూ ఉండటం, ఆడ తాబేలైతే లోపల పెంకు కట్టిన గుడ్లు నిండుగా ఉండటం లాంటివి చూసినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న జీవి హఠాత్తుగా చనిపోయిందని అర్థమవుతుంది. ప్లాస్టిక్ పేగులకు అడ్డుపడి చనిపోయే తాబేలు అలా ఉండదు, వారాల తరబడి చిక్కిపోయి, డొప్ప మీద నాచూ గవ్వపురుగులూ పేరుకుపోయి కనిపిస్తుంది. అలాంటివి కూడా వస్తాయి, కానీ అవి ఏడాది పొడవునా ఒకటీ అరా వస్తాయి. రెండు మూడు నెలల కాలంలో, అదీ గుడ్లు పెట్టే వయసు వచ్చిన పెద్ద తాబేళ్లే గుంపులుగా చనిపోవడాన్ని ప్లాస్టిక్ వివరించలేదు. రసాయనాల విషయమూ అంతే. నీటిలో విషం కలిస్తే ముందు చేపలూ పీతలూ కుప్పలుగా తేలాలి. తాబేళ్లు మాత్రమే ఎంచుకున్నట్టుగా చనిపోవు. ఫార్మా కంపెనీల వ్యర్థజలాలు సముద్రంలోకి వదలడం మీద మత్స్యకారులకున్న ఫిర్యాదు న్యాయమైనదే, దానిమీద పోరాడవలసిందే. కాకపోతే ఆ పోరాటానికి తాబేలు చావును సాక్ష్యంగా తెస్తే, మొదటి పోస్టుమార్టం నివేదికతోనే ఆ వాదన వీగిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కళేబరం పైన కనిపించే గుర్తులను చూసి తొందరపడి తీర్పు చెప్పకూడదు. కళ్లు బయటికి పొడుచుకురావడం, మెడ ఉబ్బడం మునిగి చనిపోయిన వాటిలో కనిపించే మాట నిజమే గానీ, కుళ్లుతున్నప్పుడు పుట్టే వాయువుల వల్ల కూడా అలాగే అవుతుంది. డొప్ప మీద ప్రొపెల్లర్ నరికిన గాటు కనిపిస్తే బోటు గుద్ది చంపిందని రాసేస్తారు, కానీ చచ్చి తేలుతున్న తాబేలుకే ఆ దెబ్బ తగిలి ఉండవచ్చు. రెండు రోజులు దాటిన కళేబరం నుంచి కారణాన్ని ఖాయంగా చెప్పడం పశువైద్యుడికి కూడా కష్టం.

అలాగే మీ బీచికి వచ్చిన తాబేలు మీ బీచి ఎదుటే చనిపోయిందనుకోకండి. చనిపోయిన తాబేలు ముందు మునుగుతుంది, లోపల వాయువులు నిండాక తేలుతుంది, ఆ తర్వాత గాలీ ప్రవాహమూ ఎటు తీసుకెళితే అటు పోతుంది. మన తూర్పు తీరం వెంట ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి సాగుతుంది. అందువల్ల ఒక ఊరి తీరంలో ఎక్కువ కళేబరాలు కనిపించినంత మాత్రాన తప్పు ఆ ఊరి బోట్లదే అనడం అన్యాయం. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరాలకు వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చినప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తానుగా విచారణకు తీసుకుంది. ఏ రాష్ట్రపు బోట్లన్న వాదులాట అప్పుడూ వచ్చింది. ఇంకో సంగతి, చనిపోయిన వాటిలో ఒక భాగమే ఒడ్డుకు చేరుతుంది. మిగిలినవి సముద్రంలోనే చేపలకూ పీతలకూ ఆహారమవుతాయి. మనం లెక్కపెట్టేది ఎప్పుడూ అసలు కన్నా తక్కువే.

ట్రాలర్ల మీదే నింద అంతా మోపడం కూడా సరికాదు. టేకు చేపల కోసం వేసే పెద్ద కన్నాల నిలువు వలలు, రాత్రంతా నీళ్లలో వదిలేసే నైలాన్ వలలు తాబేళ్లను బాగానే చంపుతాయి. తెగిపోయి సముద్రంలో కొట్టుకుపోయే వల ముక్కలు ఎవరూ లాగకపోయినా నెలల తరబడి పని చేస్తూనే ఉంటాయి. మీరు బీచిలో ఏరే చెత్తలో తాబేలుకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏదని అడిగితే, సీసాలూ సంచులూ కాదు, ఈ వల ముక్కలే అంటాను. ఇసుకలో సగం పూడిపోయిన వల కనిపిస్తే కష్టమైనా సరే తవ్వి తీసేయండి.

ఇక పరిష్కారం సంగతి. తాబేలును బయటికి పంపే పరికరం ఒకటి ఉంది, దాన్ని మన జట్టీల్లో ‘టెడ్’ అంటారు. ట్రాలు వల గొంతు దగ్గర, సంచికి ముందు, ఏటవాలుగా బిగించిన ఇనుప చువ్వల చట్రం అది. రొయ్యలూ చిన్న చేపలూ చువ్వల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు మాత్రం చువ్వలకు తగిలి, ఏటవాలు వెంబడి జారి, పైననో కిందనో ఉన్న తలుపులాంటి కోతలోంచి బయటపడుతుంది. ఇది పర్యావరణవేత్తలు గదిలో కూర్చుని కనిపెట్టిన వస్తువు కాదు. అమెరికాలోని జార్జియా తీరంలో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు జెల్లీ చేపలు వలలో నిండి పాడు చేస్తున్నాయని 1960ల చివర్లో తయారు చేసుకున్న చట్రమే తర్వాత తాబేళ్లకు పనికొచ్చింది. 1987లో అమెరికా తన రొయ్యల బోట్లకు దాన్ని తప్పనిసరి చేసే నిబంధనలు తెచ్చింది. సరిగా బిగించిన టెడ్ వలలో పడిన తాబేళ్లలో 97 శాతాన్ని బయటికి పంపగలగాలన్నది అక్కడి కొలమానం. మన దేశంలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు ఒక నమూనా తయారు చేసింది, ఆ సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది.

అన్నీ ఉన్నా మన బోట్ల మీద టెడ్ ఎందుకు కనిపించదు? దీనికి మత్స్యకారులను అమాయకులుగానో దుర్మార్గులుగానో చూపించే జవాబులు చాలా విన్నాను, రెండూ తప్పే. అమెరికా బోటు రొయ్యల కోసమే వెళుతుంది. మన బోటు రొయ్యలతో పాటు టేకు, పాముచేప, పెద్ద చందువా, ఏది పడితే అది అమ్ముకోవడానికి వెళుతుంది. చువ్వల సందుల్లో పట్టని పెద్ద చేప తాబేలుతో పాటే బయటికి పోతుంది. డీజిలు ఖర్చు రావడమే గగనమైన వేటలో ఒక పెద్ద టేకు చేజారడం ఆ బోటుకు నిజమైన నష్టం. దానికి తోడు చట్రాన్ని తప్పు కోణంలో బిగిస్తే చెత్తా జెల్లీ చేపలూ అడ్డుపడి రొయ్యలు కూడా బయటికి పోతాయి. ఒకసారి అలా జరిగితే ఆ సరంగు దాన్ని విప్పి ఇంటి వెనక పడేస్తాడు, జట్టీ మొత్తానికి ఆ కథ చెబుతాడు. టెడ్‌లు పంచే కార్యక్రమాలు నేను చూసినంతలో ఇక్కడే విఫలమయ్యాయి. చట్రం ఇచ్చి ఫోటో దిగి వెళ్లిపోయిన చోట ఒక్క సీజన్ కూడా నిలవలేదు. వలలు కుట్టే పనివాళ్లతోనే బిగింపు నేర్పించి, మొదటి కొన్ని వేటల్లో ఎవరైనా బోటెక్కి వెంట ఉన్న చోట కొంతకాలం నిలిచింది.

బలవంతం చేసే మార్గం కూడా మన దగ్గర బలహీనంగానే ఉంది, దీనికి కారణం కొంచెం విచిత్రమైనది. టెడ్ లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనకూడదన్న అమెరికా చట్టం 1989 నాటిది. దానిమీద భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేస్తే, అమలు చేసిన తీరు తప్పని 1998లో తీర్పు వచ్చింది గానీ తాబేళ్ల రక్షణ కోసం ఆంక్ష పెట్టడమే తప్పని మాత్రం అనలేదు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకు అమెరికా మార్కెట్టు మూసుకుపోయింది. ఇంత పెద్ద దెబ్బ తగిలాక టెడ్‌లు రావాలి కదా అనిపిస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు వెళ్లే రొయ్య ప్రధానంగా చెరువుల్లో పెంచే వెనామీ. ఆ నిషేధం చెరువు రొయ్యకు వర్తించదు. ఎగుమతిదారుకు కంటెయినర్లు పోతూనే ఉన్నాయి, నష్టపోయింది జట్టీలో ధర తగ్గిన చిన్న బోటు యజమాని. ఒత్తిడి తేగలిగినవాడికి నొప్పి లేదు, నొప్పి ఉన్నవాడికి ఒత్తిడి తెచ్చే శక్తి లేదు. ఈ ముడి విప్పకుండా టెడ్ గురించి ఎన్ని సదస్సులు పెట్టినా పెద్దగా కదలిక ఉండదని నా అభిప్రాయం.

అందుకే ఈ లోగా పనికొచ్చేది దూరం నియమం. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు ట్రాలు లాగకూడదని మన రాష్ట్ర నిబంధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ మేర తెప్పలదీ, చిన్న ఫైబరు బోట్లదీ. జనవరి నుంచి మార్చి వరకు ఈ ఒక్క నియమాన్ని నిక్కచ్చిగా అమలు చేస్తే, టెడ్ లేకపోయినా చావులు గణనీయంగా తగ్గుతాయని నేను నమ్ముతాను. చిన్న మత్స్యకారులు కూడా దీనికి మీ పక్షాన నిలుస్తారు, ఎందుకంటే వాళ్ల వలలను కోసుకుపోయేదీ ఆ ట్రాలర్లే. ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల లోపు వేటను నిషేధిస్తారు. మన వైపు ప్రత్యేకంగా తాబేళ్ల కోసం పెట్టిన అంత పెద్ద నిషేధం లేదు. ఉన్నది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినది కాబట్టి దాని లెక్క దానిది, కానీ అది మొదలయ్యేసరికి తాబేళ్లు చనిపోవలసినవన్నీ చనిపోయి ఉంటాయి.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. 2025లో ఋషికుల్యలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి కదా, అలాంటప్పుడు కొన్ని వందలు చనిపోతే జాతికేం నష్టం అని. ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఆలివ్ రిడ్లే రేపో మాపో అంతరించిపోతుందని చెప్పడం అతిశయోక్తే. అయితే ఆ లక్షల లెక్క ఏటా ఒకేలా ఉండదు, 2024లో ఋషికుల్యలో సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు. ఈ రోజు గుడ్లు పెడుతున్న తాబేలు పది పదిహేనేళ్ల కిందట పుట్టినది, కనుక ఇప్పటి నష్టం లెక్కల్లో పూర్తిగా కనిపించేది ఒక దశాబ్దం తర్వాత. 1987లో క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద వేసిన లెక్క ఈ రంగంలో అందరి ఆలోచననూ మార్చింది. గుడ్లన్నిటినీ కాపాడినా సముద్రంలో పెద్ద తాబేళ్లు చనిపోతూ ఉంటే ఆ జాతి తగ్గడం ఆగదని అది చూపించింది. గుడ్ల సంరక్షణ కేంద్రంలో పని చేసే నాకు ఇది రుచించే మాట కాదు, కానీ నిజం.

ఆ కేంద్రాల గురించి కూడా రెండు ముక్కలు. కుక్కలూ నక్కలూ తవ్వే చోట, అలలు గుంటను కోసేసే ఉప్పాడ లాంటి చోట గుడ్లను తరలించక తప్పదు. తల్లి పెట్టిన కొద్ది గంటల్లోపే, గుడ్డును తిప్పకుండా, అదే లోతులో పూడ్చాలి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది కాబట్టి ఎండలో ఒకే చోట అన్నీ పెట్టకూడదు. పిల్లలను ఉదయం తొమ్మిదింటికి అతిథులు వచ్చేదాకా తొట్టెల్లో ఉంచి, చప్పట్ల మధ్య వదిలే అలవాటు నాకు ఏమాత్రం నచ్చదు. గుడ్డులోంచి బయటపడిన మొదటి గంటల్లోని ఉరుకే వాటిని తీరపు వేటాడే చేపలను దాటిస్తుంది, ఆ సత్తువ అంతా తొట్టెలో తిరిగి ఖర్చయిపోతుంది. మీ కాలేజీని అలాంటి కార్యక్రమానికి పిలిస్తే తెల్లవారకముందే వదలమని అడగండి.

మీ బృందం చేయగలిగిన అతి విలువైన పని కళేబరాల లెక్క. ఎవరికీ పట్టనిది అదే. నడిచే దూరం ముందే నిర్ణయించుకుని, ప్రతి వారం అదే దూరం, అదే సమయానికి నడవండి. ఒక్క తాబేలూ కనిపించని వారాన్ని కూడా సున్నా అని రాయండి. కనిపించిన ప్రతిదానికీ తేదీ, ఫోన్‌లోని స్థల సంకేతం, డొప్ప వంపు వెంట టేపుతో కొలిచిన పొడవు, తాజాదా కుళ్లినదా అన్నది, తోక డొప్ప దాటి పొడుగ్గా ఉంటే మగది అన్న గుర్తు, మెడకో కాలికో వల తాడు ఉంటే దాని దగ్గరి ఫోటో, ఇవి చాలు. ముందు రెక్క మీద అంకె చెక్కిన లోహపు ట్యాగు ఉందేమో తప్పక చూడండి. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టిందన్న సంగతి అలాంటి అంకె వల్లనే బయటపడింది. ఒకే కళేబరాన్ని రెండుసార్లు లెక్కపెట్టకుండా డొప్ప మీద రంగుతో గుర్తు వేయడం మేలే గానీ, ముందుగా అటవీ శాఖ రేంజి కార్యాలయానికి చెప్పి అనుమతి తీసుకోండి. ఇది వన్యప్రాణి చట్టంలోని మొదటి షెడ్యూలు జీవి, డొప్ప ఇంటికి తెచ్చుకున్నా నేరమే. తాజా కళేబరం దొరికితే అదే ఉదయం వాళ్లకు ఫోన్ చేసి పశువైద్యుడిని రమ్మనండి, మధ్యాహ్నం ఎండ పడ్డాక పరీక్ష వల్ల పెద్దగా లాభం ఉండదు.

ఒక సీజన్ పూర్తయ్యాక ఆ పట్టికను పత్రికకు ఇచ్చే ముందు మత్స్యశాఖ కార్యాలయానికీ, జట్టీలోని బోటు యజమానుల సంఘానికీ ఇవ్వండి. ఏ వారాల్లో కళేబరాలు ఎక్కువగా వచ్చాయో, ఆ వారాల్లో రొయ్యల వేట ఎలా సాగిందో వాళ్లకు మీకంటే బాగా తెలుసు. ఆ తర్వాత వచ్చే డిసెంబరులో, బోట్లు ఆ వేటకు సిద్ధమయ్యే ముందే, 8 కిలోమీటర్ల నియమం మీద మాట్లాడటానికి కూర్చోమని అడగండి. జనవరి దాటాక అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు.